నీలం మూత జాడీ

ఇలా దగ్గరికి జరగండి. ఆ తలుపు మూసేయండి, సముద్రం మీది గాలి చెవులు కోసేస్తోంది. నేల వెచ్చగానే ఉంది, కాళ్ళు చాపుకోండి. బార్లీ నీళ్ళు తలా ఇన్ని పోసుకుని వినండి. మా తోంగ్‌పో ఫుట్‌బాల్ జట్టులోంచి ఆ ఏడు ఎవరు పోయారు, ఎవరు వచ్చారు, కొత్త కోచ్ చేసింది మంచా చెడా అని పేపర్లవాళ్ళు నెల రోజులు రాశారు. వాళ్ళు రాయనిది ఒకటుంది. అది మైదానంలో జరగలేదు, ఆటగాళ్ళ హాస్టల్ వంటింట్లో జరిగింది. నేను అక్కడే ఉప్పు తొట్టె పక్కన ఉన్నాను. కొంత కళ్ళారా చూశాను, మిగతాది మల్సున్ నోటితోనే విన్నాను.

మల్సున్ అంటే ఆ హాస్టల్ వంటామె. పంతొమ్మిదేళ్ళుగా ఆమే. కోచ్‌లు మారారు, అధ్యక్షులు మారారు, చొక్కాల రంగు కూడా ఒకసారి మారింది. వంటింట్లో గరిట మాత్రం చెయ్యి మారలేదు. ఆటలు అయిపోయి, నవంబరు చివర చలి ముదిరే వేళకి ఆమె అసలు పని మొదలవుతుంది. చలికాలమంతా, వసంతం దాకా జట్టు తినే క్యాబేజీ పచ్చడి, కిమ్చీ అంతా ఆ నాలుగు రోజుల్లోనే పెట్టాలి. మనిషికి పది క్యాబేజీలు లెక్క. కాబట్టి వచ్చే ఏడు జట్టులో ఎంతమంది ఉంటారో అందరికన్నా ముందు తెలిసేది ఆమెకే. ఆఫీసు వాళ్ళు అంకె ఒక్కటే చెబుతారు. పేర్లు చెప్పరు, ఆమె అడగదు.

ఆ సోమవారం మధ్యాహ్నం మల్సున్ వెల్లుల్లి ఒలుస్తోంది. గిన్నెలో నానబెట్టిన పాయల్ని బొటనవేలితో ఇలా ఒక్క నొక్కు నొక్కితే పొట్టు జారిపోవాలి. జారకపోతే ఆ వెల్లుల్లి తెచ్చినవాడికి తిట్లే. ఆఫీసు నుంచి తక్ వచ్చి గుమ్మం దగ్గర బూట్లు విప్పాడు. ఆటగాళ్ళ ఒప్పందాలన్నీ చూసేది ఆయనే. సన్నటి మనిషి, ఎప్పుడూ ఎక్కడికో ఆలస్యమైనట్టు నడుస్తాడు.

"ముప్పై ఒకటి, మల్సున్ గారూ."

"పోయినేడు ముప్పై నాలుగు కదండీ?"

"ఈసారి ముప్పై ఒకటే."

"అంటే మూడొందల పది. లారీ అతనికి ఇప్పుడే ఫోన్ చేస్తాను. తిని వెళ్ళండి, ముల్లంగి చారు ఉంది."

"వద్దండి, పనుంది." ఆయన గుమ్మం దాకా వెళ్ళాడు. ఒక కాలికి బూటు తొడిగాడు, రెండోది తొడుగుతూ ఆగాడు. మొహం ఇటు తిప్పకుండానే అన్నాడు. "ఆఁ, ఇంకోటి. ఈసారి ఆ రొయ్యలు లేని జాడీ అక్కర్లేదు. మీకూ ఒక పని తగ్గుతుంది."

తలుపు మూసుకుంది. మల్సున్ వేళ్ళ మధ్య వెల్లుల్లి పాయ అలాగే ఉండిపోయింది.

కిమ్చీ అన్నాక ఉప్పు రొయ్యలు పడాల్సిందే. మల్సున్ పెట్టే అన్ని జాడీల్లోనూ పడతాయి, ఒక్క జాడీలో తప్ప. దాని మూత నీలం రంగు. కిటికీ పక్కన, వరసలో చిట్టచివర ఉంటుంది. దాని మీద టేపు అంటించి "పిల్హో" అని రాసి ఉంటుంది. పిల్హో జట్టులో రెండో గోల్‌కీపరు. ముప్పై మూడేళ్ళు, తోంగ్‌పోకి వచ్చి తొమ్మిదేళ్ళు. వచ్చిన మొదటి చలికాలం ఒక్క ముద్ద తినేసరికి గొంతు వాచి ఊపిరాడక ఆసుపత్రి పాలయ్యాడు. అప్పటి నుంచి అతనికి నెత్తళ్ళ ఊటతో విడిగా కలుపుతుంది. ఆ జాడీ తినేవాడు ఒక్కడే.

మల్సున్ లేచి చేతులు కడుక్కుంది. మళ్ళీ కూర్చుంది. వెల్లుల్లి ఇంకా సగం మిగిలింది, ఒలిచింది.

మంగళవారం పొద్దున లారీ వచ్చింది. మా ఊళ్ళో ఆ లారీని చూసి జట్టు లెక్క కట్టే అలవాటు ఉంది, మీకు తెలుసుగా. ఉప్పు వేయడానికి వెళ్ళిన ఎనిమిది మంది ఆడవాళ్ళం రబ్బరు బూట్లు తొడుక్కుని తొట్టెల చుట్టూ చేరాం. క్యాబేజీ అడుగున కత్తితో చిన్న గాటు పెట్టి, మిగతాది చేత్తో చీల్చాలి. కత్తితోనే నిలువునా కోస్తే ఆకులు ముక్కలైపోతాయి. చీల్చాక ఉప్పు నీళ్ళలో ముంచి, మొదళ్ళ దగ్గర గళ్ళుప్పు దట్టంగా చల్లాలి. ఆకు చివర్లకి అక్కర్లేదు, అవి వాటంతటవే వాడతాయి.

మాలో ఎండుచేపల దుకాణం చున్‌జా ఉంది చూశారూ, దానికి జట్టు సంగతులు కోచ్ కన్నా ఎక్కువ తెలుసు. ఒక్క ఆట వదలదు. అది తొట్టెలో చేతులు పెట్టకముందే మొదలెట్టింది.

"ఎడంపక్క పరిగెత్తేవాడు పై డివిజన్‌కి పోయాడు. ఇద్దరు సైనిక సేవకి వంతొచ్చి సైన్యం జట్టుకి పోతున్నారు, రెండేళ్ళ దాకా రారు. ఆ బ్రెజిల్ అబ్బాయి విమానం ఎక్కేశాడు. నలుగురయ్యారా? వచ్చేవాళ్ళు ఆరుగురని పేపర్లో వేశాడు. ముప్పై నాలుగులో నాలుగు తీసి ఆరు కలిపితే ముప్పై ఆరు. మరి లారీలో మూడొందల పదే దిగాయేం?"

"నువ్వు లెక్కపెట్టావా?" అన్నాను నేను.

"లారీ అతన్ని అడిగాను. అంటే ఇంకో ఐదుగురు పెట్టె సర్దాలన్నమాట."

"ఐదుగురా! ఎవరే?"

"వెనక నిలబడే పెద్దాళ్ళిద్దరూ ఖాయం. వాళ్ళు తిరిగి చూసేలోపు అవతలివాడు గోల్ కొట్టి ఫోటో కూడా దిగుతున్నాడు. వాళ్ళకన్నా నా మోకాళ్ళు నయం."

"నీ మోకాళ్ళకి ఒప్పందం రాయించుకోరాదూ!"

"రాయించుకుంటానులే. నవ్వకండి, ఈ కొత్త కోచ్ చేసేది నాకు నచ్చలేదు. పరిగెత్తేవాళ్ళే కావాలంటాడు. వచ్చే ఆరుగురిలో నలుగురు ముందు ఆడేవాళ్ళే. వెనక గోడ కూల్చి ముందు కిటికీలు పెట్టుకుంటే, చలికి వణికేది ఎవరు? మనమేగా, మైదానం మెట్ల మీద కూర్చుని."

"కుర్రాళ్ళు వస్తే మంచిదేగా," అంది ఇంకో ఆమె. "పోయినేడు ఎన్ని ఓడాం!"

"మంచిదే, కాదన్నానా? కాళ్ళు కొత్తవి రావాలి. కానీ అందర్నీ ఒక్కసారే మారిస్తే అన్నం తినేటప్పుడు ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలో కూడా తెలీదు వాళ్ళకి. సరే, మిగతావాళ్ళ సంగతి చూద్దాం. గోల్‌కీపర్లు ముగ్గురున్నారు. పెద్ద జట్టు నుంచి ఆ పొడుగాటి కుర్రాడు వస్తున్నాడు, నాలుగు. నలుగుర్ని ఎవడూ మేపడు. అంటే..."

"చున్‌జా," అంది మల్సున్. "ఆ మూలవాటికి ఉప్పు అందలేదు. మాటలు తగ్గించి చల్లు."

చున్‌జా మూతి ముడుచుకుని చల్లింది. మల్సున్ గొంతు అలా గట్టిగా వినడం అరుదు. నేను తల ఎత్తి చూశాను. ఆమె అప్పటికే వంగి తొట్టెలో క్యాబేజీలు సర్దుతోంది.

అప్పుడే వచ్చాడు పిల్హో, భుజం మీద ఒక ఉప్పు బస్తా, చంకలో ఇంకోటి. ఆటలు అయిపోయాక చాలామంది ఇళ్ళకి వెళ్ళిపోతారు, కిమ్చీ రోజుకి తిరిగొస్తారు. ఇతను మాత్రం ముందు రోజే వచ్చి బస్తాలు మోస్తాడు.

"అమ్మో, చేతులు చూడండే," అంది చున్‌జా. "ఆ చేతుల్లో క్యాబేజీ పడితే ఒక్కటి కింద పడదు."

"బంతులు కూడా పడవు పెద్దమ్మా," అన్నాడు అతను నవ్వుతూ. "పంపిస్తే కదా మైదానంలోకి!"

బస్తాలు దించి మల్సున్ పక్కన గొంతుక్కూర్చున్నాడు. ఆటగాళ్ళంతా ఆమెని పిన్నీ అనే పిలుస్తారు.

"పిన్నీ, ఈ ఉప్పు ఎక్కడిదో చూశావా? నైరుతి ఒడ్డుది. అక్కడి జట్టు వాళ్ళు నిన్న ఫోన్ చేశారు."

"ఏమన్నారు?"

"రమ్మన్నారు. వాళ్ళ పెద్ద గోల్‌కీపరు ఆట మానేశాడట. నేనే మొదటివాణ్ణి అన్నారు. గురువారం సాయంత్రంలోగా జవాబు చెప్పాలి, లేకపోతే ఇంకొకర్ని తీసుకుంటారు."

మల్సున్ చేతిలో ఉప్పు కాస్త ఎక్కువే జారింది. దులిపింది. "నువ్వేమన్నావు?"

"ఏమంటాను? రేపు పొద్దున రానని చెప్పేస్తా. పాప మార్చిలో ఇక్కడి బడిలో చేరాలి. తక్ అన్నని అడిగాను కూడా. 'నువ్వు మన మనిషివి, మెల్లగా కూర్చుని మాట్లాడుకుందాం' అన్నాడు. తొమ్మిదేళ్ళున్నాను, ఇక్కడే చేతి తొడుగులు విప్పేస్తాను. మొదటివాణ్ణయితే ఏంటి, రెండోవాణ్ణయితే ఏంటి?"

ఆ చివరి మాట అన్నప్పుడు అతను తన అరచేతుల్నే చూసుకున్నాడు. మల్సున్ అది చూసింది.

"రేపు పొద్దునే ఎందుకు, వాళ్ళు గురువారం దాకా టైమిచ్చారుగా," అంది నెమ్మదిగా. "కిమ్చీ పని అయ్యాక చెప్పొచ్చు. చేతులు కారంతో ఉన్నప్పుడు ఫోన్ ఎందుకు ముట్టుకోవడం."

"అదీ నిజమే," అన్నాడు పిల్హో. లేచి ఇంకో రెండు బస్తాలకి వెళ్ళాడు.

మల్సున్ రాకముందు ఆ వంటింట్లో ఇంకొకామె ఉండేది. ఆఫీసు మాట ఒకటి ఆటగాడి చెవిన వేసింది, నెల తిరక్కముందే పంపించేశారు. ఆమె జాగాలోకే మల్సున్ వచ్చింది. ఆ సంగతి ఎవరూ ఆమెకి గుర్తు చేయనక్కర్లేదు. ఒప్పందాల కాగితం మీద అధ్యక్షుడి ముద్ర పడేది శుక్రవారం. అప్పటిదాకా పేరు బయటికి రాకూడదు. శుక్రవారం ఆఫీసు పిలిచి చెప్పేసరికి నైరుతిలోని ఆ ఉప్పు ఒడ్డు జట్టు తలుపు మూసుకుని ఉంటుంది. ముప్పై మూడేళ్ళ రెండో గోల్‌కీపరుకి డిసెంబరులో తలుపు తీసేవాళ్ళు ఎవరు?

బుధవారం తెల్లారగానే మల్సున్ క్యాబేజీల్ని మూడు నీళ్ళలో జాడించి వెదురు తట్టల మీద బోర్లించింది. మేం వెళ్ళేసరికి ముల్లంగి తురుము ఎర్రటి కారంలో సగం కలిపి ఉంది. ప్రతి ఏడూ ఆమె రొయ్యల జోలికి పోకముందే చిన్న గిన్నెలో పిల్హో కారం కలుపుతుంది. ఒకసారి రొయ్యలు తగిలిన బేసినూ గరిటా ఇక దానికి పనికిరావు. ఆ రోజు కూడా ఆమె చేతులు వాటంతటవే చిన్న గిన్నె అందుకున్నాయి. గంజి పోసి, కారం వేసి, నెత్తళ్ళ ఊట పోశాక ఆగిపోయింది.

"ఏంటక్కా?" అన్నాను.

"ఏం లేదు. అక్కర్లేదన్నది కలుపుతున్నాను."

నాకు అప్పుడు అర్థం కాలేదు. ఆమె ఆ గిన్నెని పక్కన పెట్టి చేతులు కడుక్కుంది. తర్వాత తుడిచిన చేతులతో పై అర నుంచి నీలం మూత జాడీ దించింది. సబ్బుతో కడిగింది, వేడి నీళ్ళు పోసి మళ్ళీ కడిగింది. పేరున్న టేపు ఒలిచేసి, జాడీని కిటికీ దగ్గర ఎండలో బోర్లించింది. ఎనిమిది క్యాబేజీలు ఏరి తనే కూర్చుని చిన్న గిన్నెలోని కారం ఆకు ఆకుకీ పట్టించింది, ఒక్కొక్కదాన్ని దాని పైఆకుతోనే చుట్టింది. మందపాటి సంచిలో పెట్టి, ఆ సంచిని ఇంకో సంచిలో పెట్టి, మూత బిగించే డబ్బాలో దించి, ఎర్రంచు గుడ్డలో మూట కట్టింది. దూరం పోయేవాళ్ళకి కట్టే ముడి ఉంటుంది చూడండి, రెండు చెవులు పైకి లేచి చేతికి అందేలా, ఆ ముడి వేసింది.

తొమ్మిదింటికి ఆటగాళ్ళు వచ్చారు. పెద్ద పెద్ద మగవాళ్ళు ఎర్ర రబ్బరు తొడుగులు వేసుకుని, పూల ఏప్రన్లు కట్టుకుని కూర్చుంటే మాకు ప్రతి ఏడూ నవ్వే. "లోపలి ఆకు కూడా ఆకేనురా, దానికీ పెట్టు" అని చున్‌జా ఒకడి వీపు మీద చరిచింది. "కారం ఇంత మెత్తితే ఫిబ్రవరిలో కళ్ళు తుడుచుకుంటూ తింటావు." పెద్ద కుండలో పంది మాంసం ఉడుకుతోంది, సోయా ముద్ద వాసన గది నిండా ఉంది. తక్ కూడా వచ్చి మూల బల్ల దగ్గర కూర్చున్నాడు. కొత్త కిమ్చీతో మాంసం తినడానికి ఆఫీసు వాళ్ళు ఏటా వస్తారు.

పిల్హో తన కారం కోసం గిన్నెల వరసంతా చూసుకుంటూ వచ్చాడు. తనది లేదు. జాడీల వైపు చూశాడు. ఎర్ర మూతలు వరసగా ఉన్నాయి. కిటికీ దగ్గర నీలం మూత ఒక పక్క, జాడీ ఒక పక్క.

"పిన్నీ, నా జాడీ బోర్లించి ఉందేంటి?"

ముప్పై మంది ఉన్న గదిలో ఆ మాట అందరికీ వినపడింది. మూల బల్ల దగ్గర తక్ చాప్‌స్టిక్స్ గాల్లో ఆగాయి.

మల్సున్ చేతులు ఏప్రన్‌కి తుడుచుకుంది. "ఈ ఏడు ఆ జాడీ ఇక్కడ అక్కర్లేదు నాయనా. నీ వంతు ఇదిగో." బల్ల కింద నుంచి మూట తీసి అతని ముందు పెట్టింది. "ఇంటికి తీసుకెళ్ళు. రెండు సంచుల్లో పెట్టాను, దారిలో కారదు."

పిల్హో మూట వైపు చూశాడు. ముడి వైపు చూశాడు. అతని పక్కన ఒకడు ఇంకా క్యాబేజీకి కారం రాస్తూనే ఉన్నాడు, ఆ చప్పుడు ఒక్కటే వినిపించింది.

"ఎంత దూరమైనా కారదా పిన్నీ?"

"ఏడు గంటల ప్రయాణమైనా కారదు."

అతను తల ఊపాడు. తొడుగులు విప్పాడు, ఒకదాని తర్వాత ఒకటి, వేలు వేలూ లాగి. కుళాయి దగ్గర చేతులు కడుక్కున్నాడు, మోచేతుల దాకా. చొక్కా జేబులోంచి ఫోన్ తీసి పెరట్లోకి వెళ్ళాడు. కిటికీ అద్దం ఆవిరి పట్టి ఉంది. బోర్లించిన జాడీ వెనక అతని నీడ అటూ ఇటూ నడవడం కనిపించింది. తర్వాత నడక ఆగింది, ఒక చెయ్యి పైకి లేచి మెడ రుద్దుకుంది.

నేను తక్ వైపు చూశాను. ఆయన ఒక మాంసం ముక్కని ఆకులో చుట్టి, చుట్టిన దాన్ని విప్పి, మళ్ళీ చుడుతున్నాడు. తల మాత్రం ఎత్తలేదు.

పిల్హో లోపలికి వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, కారం ఘాటుకి అందరివీ ఎర్రగానే ఉన్నాయి. వచ్చి తన జాగాలోనే కూర్చుని తొడుగులు వేసుకున్నాడు. రొయ్యల కారమే ముందుకి లాక్కుని, తను తినని క్యాబేజీల్ని ఒక్కొక్కటీ నింపడం మొదలుపెట్టాడు. లోపలి చిన్న ఆకుని కూడా వదల్లేదు. మధ్యాహ్నానికి మా అందరికన్నా ఎక్కువ అతనే నింపాడు. చున్‌జా లేచి కుండ దగ్గరికి వెళ్ళింది. రొయ్యలు తగలని మాంసం ఒక పళ్ళెం తెచ్చి అతని పక్కన పెట్టింది, అంతే.

శుక్రవారం ముద్ర పడింది. ఐదు పేర్లు బయటికి వచ్చాయి. చున్‌జా చెప్పిన వెనక నిలబడే పెద్దాళ్ళిద్దరూ ఉన్నారు, మధ్యలో ఆడే ఇద్దరున్నారు, పిల్హో ఉన్నాడు. మధ్యాహ్నం మూడింటికి తక్ వంటింటికి వచ్చాడు. మల్సున్ అడుగంటిన కుండ తోముతోంది. పీచు పక్కన పెట్టలేదు. పంపించేస్తామని చెప్పడానికే వచ్చాడనుకుంది. దానికి సిద్ధపడే ఉంది, తన కత్తులు పొద్దునే విడిగా గుడ్డలో చుట్టి పెట్టుకుంది.

"పిల్హోని పిలిచాం," అన్నాడు తక్. "మేం చెప్పకముందే అతనే చెప్పాడు, ఉప్పు ఒడ్డు జట్టుకి ఒప్పుకున్నానని. అధ్యక్షుడు నన్నడిగాడు, ముందే ఎవరు చెప్పారని."

"నేనేం చెప్పలేదండీ. అక్కర్లేదన్న జాడీ పెట్టలేదు, అంతే. మీరు చెప్పినట్టే చేశాను."

"నేనూ అదే చెప్పాను. వంటింటికి అంకె తప్ప ఏమీ ఇవ్వలేదని."

మల్సున్ చేతిలో పీచు ఆగింది. పంతొమ్మిదేళ్ళలో ఈ మనిషి కిమ్చీలో ఏం పడుతుందో ఒక్కసారి అడగలేదు. ఏ జాడీ ఎవరిదో తెలిసినట్టు కూడా ఎప్పుడూ కనిపించలేదు. మరి సోమవారం గుమ్మం దగ్గర, బూటు తొడుగుతూ, మొహం ఇటు తిప్పకుండా ఆ ఒక్క మాట ఎందుకన్నాడు? తన పని తగ్గించడానికా? నోరు తెరిచి చెప్పే వీల్లేని మాటని జాడీ మీద పెట్టి తన చేతికిచ్చి వెళ్ళాడు. ఆ మాట మోసింది తను. ఇచ్చింది ఈయన.

"తక్ గారూ," అంది. "ఆ జాడీ సంగతి మీకెలా తెలుసు?"

ఆయన బల్ల మీద మిగిలిన కిమ్చీ ముక్క ఒకటి తీసి నోట్లో వేసుకున్నాడు. నమిలాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"ఈసారి ఉప్పు కొంచెం ఎక్కువైంది," అన్నాడు.

"అవును. మంగళవారం చెయ్యి జారింది."

ఆయన లేచాడు. మల్సున్ కుండ వదిలి, కిటికీ దగ్గరి నీలం మూత జాడీ తీసింది. అది ఆరి శుభ్రంగా ఉంది. బల్ల మీద మిగిలిన కిమ్చీ క్యాబేజీలు నాలుగు అందులో అదిమి పెట్టి, మూత బిగించి ఆయన చేతుల్లో పెట్టింది.

"నాకు రొయ్యలు పడతాయండీ," అన్నాడు తక్.

"తెలుసు. తీసుకెళ్ళండి."

రెండు చేతులతో పట్టుకుని వెళ్ళాడు. ఆ రోజు మాత్రం గబగబా నడవలేదు. మల్సున్ గుడ్డలో చుట్టిన కత్తుల్ని విప్పి ఎక్కడివక్కడ పెట్టేసింది.

అదీ సంగతి. మార్చిలో ఆటలు మొదలైతే మీరు మెట్ల మీద కూర్చుని అదిగో కొత్తవాడు, అడుగో పోయినవాడు అని లెక్కలు కడతారు. కట్టండి, చున్‌జా పక్కన కూర్చుంటే ఇంకా బాగా కడుతుంది. కానీ పోయినవాళ్ళ పేర్లు చదివేటప్పుడు ఈ జాడీని మనసులో ఉంచుకోండి. మీ పిల్లలకి చెప్పండి. చెప్పేటప్పుడు మల్సున్ ఒక్కదాని పేరే చెప్పి ఊరుకోకండి, గుమ్మం దగ్గర ఒక కాలికే బూటు తొడుక్కుని నిలబడ్డ ఆ మనిషిని కూడా చెప్పండి.